నాయిన గోలీలు

ముందే చెబుతున్నాను, నేను ఉన్నదానికి నాలుగింతలు కలిపి చెప్పే మనిషిని. తెలకపల్లిలో నా మాట సగం కోసేసి నమ్ముతారు. దయ్యాలను మాత్రం నేను ఆ సగం కూడా ఎప్పుడూ నమ్మలేదు.

నాయిన పోయిన కొన్నాళ్లకు అమ్మకు వాంతులు, తల తిరగడం మొదలయ్యాయి. వనపర్తిలో చూపించాం, గద్వాలలో చూపించాం. మందుల సంచి ఎంత పెరిగిందంటే బస్సులో దానికి వేరే సీటు కావలసి వచ్చింది. అమ్మ మాత్రం తరిగిపోయింది. నేను నిలబడి నిద్రపోవడం నేర్చుకున్నాను.

అప్పుడే మధ్యాహ్నంపూట నాయిన వస్తున్నాడని అమ్మ చెప్పసాగింది. ఒళ్లంతా పసుపు పూసుకున్నట్టు ఉంటాడట.

"నావి నాకియ్యవే అంటుండురా," అంది.

ఆయన పంచె, చేతికర్ర, చెప్పులు ఫొటో ముందు పెట్టాం. కల్లు లొట్టి పెట్టాం, అదీ గంగాళమంతది. అయినా వచ్చాడు. మంచం పక్కనే కూర్చున్న నాకు మాత్రం ఏమీ వినపడలేదు.

చివరికి అమ్మ నాడి మరీ నెమ్మదించింది. నాగర్‌కర్నూల్‌లో ఒక దవాఖానలో చేర్చాం. గుండె ఆగిపోవచ్చని డాక్టరు దాచకుండా చెప్పాడు.

మర్నాడు క్లినికల్ ఫార్మసిస్టునంటూ ఒక అమ్మాయి వచ్చింది. మందులు అమ్మే పిల్ల అనుకున్నాను.

"మందు రాసేది డాక్టర్ సారు. నోట్లెకు ఏం పోతుందో చూసేది నేను," అంటూ సంచి మొత్తం మంచం మీద గుమ్మరించింది. కలిపి వేసుకోకూడనివి పక్కకు తీసింది. తర్వాత అమ్మ పక్కన కూర్చుంది.

"అవ్వా, గీ సంచిల లేనివి ఏమన్న మింగుతున్నవా?"

"లేదు బిడ్డా."

"ఇంట్ల ఇంకెవరివన్న గోలీలు మిగిలినయా?"

అమ్మ మెల్లగా కొంగుముడి విప్పింది. "మా ఆయనవి. పారేయబుద్ధి కాలే. ఆయన గుండెకు మంచిగ పనిచేసినయి, నాకు చెయ్యవా?"

ఆ అమ్మాయి గోలీల పట్టీ తిప్పి చూసింది. "ఇవి ఎక్కువైతే గుండె నెమ్మదిస్తది అవ్వా. కండ్లకు పసుపు కమ్ముతది. లేనోళ్లు గూడ కనపడుతరు."

డాక్టరుకు చెప్పి వెంటనే ఆపించింది. రోజూ వచ్చి ఏ మందు ఎప్పుడో అమ్మతోనే తిరిగి చెప్పించింది. అమ్మ కోలుకుంది. నాయిన రావడం మానేశాడు.

ఇంటికి బయలుదేరేటప్పుడు అమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"జర సగం గోలి ఏసుకుంటే ఏమైతది బిడ్డా?"

"వద్దవ్వా," అంది ఆమె. చెయ్యి మాత్రం వెంటనే వదిలించుకోలేదు.

లొట్టి గంగాళమంత లేదు, అది నా అలవాటు. అచ్చంగా కల్పించింది ఒక్కటే. మంచం పక్కన నాకేమీ వినపడలేదని రాశాను చూడండి, అదే.

నావి నాకియ్యవే. నాయిన గొంతే. నేనేమో ఆ గోలీల్లో ఒక్కటీ మింగలేదు.