టపాసులతో పక్షుల్ని లేపిన పూట

1981లో నేను తిరువళ్ళూరు దగ్గర కుశస్థలి నదిలో మోటారు పడవ నడిపేవాణ్ణి. తిరుత్తణి కొండకు వచ్చిన యాత్రికుల్ని మా యజమాని మునిరత్నం వ్యానులో తీసుకొచ్చి, నది రిజర్వాయరులో కలిసేచోట పక్షుల్ని చూపించేవాడు. అక్కడ నీట మునిగిన తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టేవి. మా పడవది ఔట్‌బోర్డ్ మోటారు, అంటే వెనక అంచుకు తగిలించే ఇంజను. తాడు చుట్టి లాగితేనే స్టార్టయ్యేది.

ఆ ఫిబ్రవరిలో గూళ్ళ నిండా పిల్లలు, కొన్నింట్లో ఇంకా గుడ్లు ఉన్నాయి. కూర్చున్న పక్షుల్ని చూస్తే జనానికి తృప్తి కలగడం లేదని మునిరత్నానికి అనిపించింది. ఒక ఉదయం సంచితో పడవెక్కాడు.

"ఏందన్నా అది?" అన్నాను.

"వెడి. ఒకటి పేలిస్తే గుంపంతా లేస్తాది. జనం ఊరికి పోయి చెప్పుకుంటారు."

"టపాసులా! గూళ్ళల్లో పిల్లలుండాయి, వద్దన్నా."

"నువ్వు బోటు తోలు, చాలు."

చెట్లకు చాలా దూరంలోనే వేగం తగ్గించాను. అయినా చెట్లు దగ్గరపడగానే అతను వత్తి అంటించి విసిరేశాడు.

ఆకాశం రెక్కలతో కప్పుకుపోయింది. పడవలో చప్పట్లు. ఆ చప్పట్ల మధ్యనే, ఇంకా రెక్కలు రాని పిల్లలు గూళ్ళ అంచుల నుంచి నీళ్ళలో పడ్డాయి. తల్లులు లేచిపోయిన గూళ్ళ మీద కాకులు వాలి గుడ్లు పొడిచాయి. మునిరత్నం మాత్రం "చూసినారా! చూసినారా!" అంటూ ఆకాశం చూపిస్తున్నాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ కేక గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది. డబ్బిచ్చి వచ్చినవాళ్ళకు వినోదం కావాలంటే, ఎక్కడో గూట్లో పడుకున్న కూన ప్రాణం ఇవ్వాలా?

యాత్రికుల్లో పళ్ళిపట్టు నుంచి వచ్చిన నేతపని ఆమె, రాజమ్మక్క, వంగి ఒక కూనను నీళ్ళలోంచి తీసి కొంగులో చుట్టుకుంది.

"ఏమయ్యా, దీన్ని చంపేది చూపించేదానికా మమ్మల్ని పిల్చుకొచ్చినావు?"

"పక్షిపిల్లే గదమ్మా," అని నవ్వి మునిరత్నం రెండో టపాసు తీశాడు.

నేను ఇంజను ఆపేసి, స్టార్టు చేసే తాడు జేబులో పెట్టుకున్నాను.

"ఎవురి బోటురా ఇది?" అని లేచాడు.

"బోటు నీదే అన్నా. ఆ సంచి నీళ్ళల్లో ముంచేదాకా కదల్దు."

అతను జనం వైపు చూశాడు. చప్పట్లు కొట్టినవాళ్ళే తల దించుకున్నారు. రాజమ్మక్క అతని చేతిలోని సంచి లాక్కుని, నీళ్ళలో ముంచి, కారుతుండగానే అతని కాళ్ళ దగ్గర పడేసింది.

కూన ఒడ్డు చేరకముందే చచ్చిపోయింది. నా ఉద్యోగం ఒడ్డున పోయింది. నేను తిన్నగా ఆ నీళ్ళల్లోనే వలలు వేసుకునే జాలర్ల దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. మరునాడు వాళ్ళు పడవకు అడ్డం నిలబడి, "వెడి ఉంటే బోటును నీళ్ళల్లో దిగనియ్యం," అన్నారు. మునిరత్నం మళ్ళీ టపాసులు తేలేదు.

కొంతకాలానికి జాలర్లే ఒక పడవ కొని నాకప్పగించారు. గూళ్ళకు దూరంగా ఇంజను ఆపి, అక్కణ్ణుంచి తెడ్డు వేసుకుంటూ పోయేవాణ్ణి. "ఒక్కటీ ఎగరలేదే," అని ఎవరైనా గొణిగితే, "ఎగరకూడదనే ఇంత నిదానంగా వచ్చినాము," అనేవాణ్ణి. పక్షి మనవైపు చూడకుండా పిల్లకు చేప తినిపిస్తుంటేనే పడవ సరిగ్గా నడిపినట్టు. ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇదే.