అక్క కుంటిన దారి

నా చిన్నప్పుడు నా నోరు మూయించడం ఎవరివల్లా కాలేదు. బడిలో సార్లు స్కేలుతో ప్రయత్నించారు, మా అమ్మ అట్లకాడతో ప్రయత్నించింది. ఎవరి మాట జారినా, ఎవరి కాలు జారినా దాన్ని పట్టుకుని నలుగురినీ నవ్వించేదాకా నాకు అన్నం సయించేది కాదు. అలాంటి నా నోటికి ఒక శుక్రవారం నాడు, సౌదీ కొండల మీద, పక్కింటి అక్క తాళం వేసింది. ఒక్క మాట కూడా అనకుండా వేసింది.

అప్పుడు మేం ఖమీస్ ముషైత్‌లో ఉండేవాళ్ళం. సౌదీ అనగానే మా జగిత్యాల వాళ్ళు ఇసుక, ఎండ, ఒంటె అనుకుంటారు. మేమున్నది కొండల మీద. చలికాలం రెండు కంబళ్ళు కప్పుకున్నా పళ్ళు టకటకలాడేవి. మా బాపు ఒక కంపెనీలో ఏసీల పని చేసేవాడు. చలి ఊళ్ళో ఏసీలు బాగుచేసే మనిషివి నువ్వొక్కడివే అని నేను ఏడిపిస్తే నవ్వేవాడు. ఆ యేడు నవ్వడం మానేశాడు.

నితాఖత్ వచ్చిన కాలమది. కంపెనీలో సౌదీ వాళ్ళు ఇంతమంది ఉండాలని లెక్క. లేకపోతే కంపెనీ సర్కారు ఎరుపు జాబితాలో పడుతుంది, ఎరుపులో పడితే పనివాళ్ళకు ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, మళ్ళీ దొరకదు. దాని మీద మనిషికింతని సర్కారుకు కట్టే లెవీ. మా బాపు కంపెనీ ఎరుపులో పడింది. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, కొన్నాళ్ళు 'బుక్రా, బుక్రా' అని రేపటికి రేపటికి తిప్పి, చివరికి దేశం వదిలి పొమ్మని ఎగ్జిట్ ముద్ర కొట్టించాడు. ఇంట్లో ఫ్రిజ్ పోయింది, మంచం పోయింది. ఇక అమ్మడానికి నేనే మిగిలానని ఒక జోకు వేశాను. ఎవరూ నవ్వలేదు. బాపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

వెళ్ళిపోయే ముందు మిగిలిన ఆఖరి శుక్రవారం, బాపు పొద్దున్నే లేచి "సెరువు కాడికి పోదాం పాండ్రి" అన్నాడు.

అబహా దాటి పైకి పోతే అరార్ చెట్ల అడవి ఉంటుంది. సన్నని సూదుల్లాంటి ఆకులతో, ఎండాకాలం కూడా పచ్చగా ఉండే చెట్లు. ఆ అడవిలోంచి ఒక కాలిబాట దిగుతుందని, అది ఒక చిన్న ఆనకట్ట వెనకున్న చెరువు ఒడ్డుకు చేరుతుందని బాపుతో పనిచేసే పాకిస్తానీ ఎప్పుడో చెప్పాడు. అప్పట్నుంచీ బాపు వచ్చే శుక్రవారం పోదామంటూనే ఉన్నాడు. ఓవర్‌టైం చేసే మనిషికి వచ్చే శుక్రవారం ఎప్పుడూ రాదు. ఇప్పుడిక డ్యూటీయే లేదు.

మాతో పక్కింటి అక్క కూడా వచ్చింది. గుంటూరు వైపు మనిషి, ఆసుపత్రిలో నర్సు. ఆమె భర్త ఉద్యోగం జిద్దాలో. అందుకని సెలవు రోజున మా అమ్మ ఎక్కడికి వెళ్ళినా అక్కను లాక్కెళ్ళేది. బాపు పాత కారును రోడ్డు పక్కన ఆపి, మా చిన్న చెల్లెను భుజాల మీద కూర్చోబెట్టుకుని ముందు నడిచాడు. వెనక అమ్మ, ఆ వెనక అక్క, నేను.

మొదట్లో బాగానే ఉంది. కొమ్మలకు బూడిద రంగు నాచు ముసలాళ్ళ గడ్డాల్లా వేలాడుతోంది. కుక్కమూతి కోతులు బండల మీద కూర్చుని మా చేతిలోని రొట్టె సంచీని చూస్తున్నాయి. వాటిలో ఒకటి అచ్చం కఫీల్‌లా ఉందని అన్నాను. అక్క ఒక్కతే నవ్వింది.

తర్వాత లోయలోంచి మంచు లేచింది. పొగమంచు పైనుంచి దిగుతుందని అనుకునేవాణ్ణి, అక్కడది కిందనుంచి ఎక్కుతుంది. ముందు దూరపు కొండ పోయింది, తర్వాత చెట్లు, ఆ తర్వాత బాట. బాపు వీపు, ఆయన భుజాల మీద చెల్లె ఎర్ర టోపీ మాత్రం కనిపిస్తున్నాయి. నా కాలు తగిలి ఒక రాయి పక్కకు దొర్లింది. అది కింద పడిన చప్పుడు వస్తుందని ఆగాను. రాలేదు. అమ్మ కూడా ఆగి విన్నట్టుంది. ఆమె చేయి వచ్చి నా చొక్కా పట్టుకుంది.

"ఇగో, ఇనుండ్రి. ఎన్కకు పోదాం. పిల్ల భుజం మీదున్నది."

బాపు గిర్రున తిరిగాడు. తిరిగిన ఊపుకు చెల్లె ఆయన జుట్టు గట్టిగా పట్టుకుంది.

"ఎన్కకు అనకు! కఫీల్ ఎన్కకు వో అంటడు, ఆఫీసోడు ఎన్కకు వో అంటడు. ఇప్పుడు నువ్వు సుత మొదలువెట్టినవా? గీ ఒక్క సెరువన్న జూసే పోత. అచ్చెటోళ్ళు రాండ్రి."

మళ్ళీ నడిచాడు, ఇంతకుముందు కంటే వేగంగా. తడి రాళ్ళ మీద ఆయన చెప్పులు జారడం నాకు వినిపిస్తోంది. ఒకసారి ఒక పక్కకు ఒరిగి, చెట్టు కొమ్మ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. చెల్లె ఏడవలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఇంకొక్కసారి ఆ మాట అంటే ఈయన పరుగెత్తుతాడని అమ్మకు అర్థమైపోయింది.

అప్పుడు అక్క ఆగింది. బాపు వీపు వైపు, ఆ ఎర్ర టోపీ వైపు చూసింది. తర్వాత చుట్టూ వెతికి కాస్త పొడిగా ఉన్న బండ ఒకటి చూసుకుని, ఒంటి మీది నల్లని అబాయా తడవకుండా మడిచి, తీరిగ్గా కూర్చుంది. కూర్చున్నాక అరిచింది.

"అమ్మో! కాలు! అన్నయ్యా, నా కాలు మడతపడిందండీ!"

ముందు కూర్చుని తర్వాత పడిపోయిన మనిషిని నేను చూడటం అదే మొదలు.

బాపు వచ్చాడు. అక్క కుడి మడమ పట్టుకుని మూలుగుతోంది. ఆయన మొహంలో జాలి, చిరాకు కలిసి ఉన్నాయి. "నువ్వు, మీ వదిన ఈడనే కూసోండ్రి చెల్లె. నేను పోరికి సెరువు సూపిచ్చి గిట్లనే అస్త" అన్నాడు. అమ్మ కళ్ళు మూసుకుంది.

"వెళ్ళండన్నయ్యా," అంది అక్క మెల్లగా. "కానీ ఇది వాచిందంటే నేనిక లేవలేను. ఈ మంచులో దారి నాకూ తెలీదు, వదినకీ తెలీదు. మమ్మల్ని పైకి చేర్చగలిగింది మీరొక్కరే. తర్వాత మీ ఇష్టం."

బాపు కింద చెరువు ఉన్న వైపు చూశాడు. అటు తెల్లగా ఏమీ లేదు. కొన్నాళ్ళుగా ఆయనతో అందరూ నువ్వు అక్కర్లేదనే చెప్పారు. నువ్వు లేకపోతే కాదు అని ఒకరు అనడం ఆ రోజే విన్నాడు. చెల్లెను దించి అమ్మ చంకకు ఇచ్చాడు. ఎండిన కొమ్మ ఒకటి విరిచి, ఆకులు దూసి, అక్క చేతికి కర్రగా ఇచ్చాడు. "లే చెల్లె. నేనున్న గద" అన్నాడు.

పైకి ఎక్కడం దిగినంత సులువు కాలేదు. రెండుసార్లు బాట తప్పాం. కనపడని కోతులు ఎక్కడో కుక్కల్లా మొరుగుతున్నాయి. బాపు ఇప్పుడు తొందరపడటం లేదు. ఒక్కో రాయినీ కాలితో తొక్కి చూసి, ఇక్కడ పెట్టు, అక్కడ పెట్టకు అని చెబుతూ మమ్మల్ని నడిపించాడు. మధ్యలో ఒక చెట్టు కింద ఊపిరి తీసుకోవడానికి కూర్చున్నాం.

లేచాక చూద్దును కదా, అక్క ఎడమ కాలు కుంటుతోంది!

నవ్వు నా కడుపులోంచి తన్నుకొచ్చింది. నర్సమ్మ ఏ కాలు విరిగిందో మర్చిపోయింది! ఇంతకంటే మంచి జోకు నాకు జన్మలో దొరకదు. "అక్కా, నీ కుంటు..." అనేశాను కూడా.

అక్క నా వైపు చూసింది. కోప్పడలేదు, సైగ చేయలేదు. మొహమంతా చెమటో మంచో తడిగా ఉంది. ఆ కళ్ళలో నాకు కనిపించింది భయం. మా అందరి కోసం ఆమె మోస్తున్న భయం. ముందు నడుస్తున్న బాపు ఆగి వెనక్కి తిరిగాడు. "ఏందిరా?" అన్నాడు. ఆ ఒక్క క్షణం అడవంతా నా నోటి వైపే చూస్తున్నట్టు అనిపించింది. అబద్ధమని తెలిస్తే ఈయన మళ్ళీ కిందికే నడుస్తాడు, ఈసారి ఎవరు ఆపినా ఆగడు.

"ఏం లేదు బాపు. అక్క కుంటుడు ఎక్కువైంది. జెర్ర మెల్లగ నడువు," అన్నాను.

రోడ్డు మీదికి చేరేసరికి మా కారు కూడా మంచులో కరిగిపోయినట్టుంది, తడుముకుంటే దొరికింది. బాపు మొహంలో ఓడిపోయిన మనిషి లేడు. ఆడపిల్లను క్షేమంగా పైకి తెచ్చిన మనిషి ఉన్నాడు. మేం విమానం ఎక్కే రోజున అక్క కాలికి కట్టుతోనే సాగనంపడానికి వచ్చింది.

ఇంటికొచ్చాక నా చదువు ఎనిమిదితో ఆగింది. ఇప్పుడు ఆటో నడుపుతాను. స్టాండులో నా నోటికి జడవని వాడు లేడు. కానీ పరువు పోకుండా వెనక్కి తిరగడానికి ఒక సాకు కోసం చూసే మనిషి ఎదురైతే మాత్రం ఆ సాకు నేనవుతాను. బండి మొరాయిస్తోందంటాను, కడుపులో నొప్పంటాను. ఆ సాకును అవతలివాడు తీసుకున్నాక దాని మీద జోకు వేయను.

ఇంటికి ఎవరొచ్చినా బాపు ఆ కథ చెబుతాడు. గింతంత దూరంల సెరువుండె, పాపం ఆ పిల్ల కాలు మడతవడ్డది, నేనే పైకి తెచ్చిన అంటాడు. వాళ్ళు ఏ కాలు అని అడుగుతారు. కుడికాలు అంటాడు బాపు. కాదు ఎడమకాలు, నేను జూడలేదా అంటుంది అమ్మ. ఇద్దరూ కాసేపు తగువాడి, తీర్పు కోసం నా వైపు తిరుగుతారు.

"నాకేం యాదికున్నది బాపు, గప్పుడు నేను గింతంత పోరగాణ్ణి," అంటాను.