పాతబస్తీలో మేము దిగిన సందు

మొన్న మా మనవరాలు హైదరాబాదులో ఏదో పరీక్ష ఉందని, ఏ పేటలో గది తీసుకుంటే మెట్రో దగ్గరో, ఎక్కడ టిఫిన్ బాగుంటుందో ఫోనులో వెతుక్కుంటూ, "అవ్వా, నువ్వూ వస్తాండావు కదా, యాడ దిగుదాం?" అని అడిగింది. నేను ఒలుస్తున్న చెనక్కాయ చేతిలోనే ఉండిపోయింది.

నా ఈడువాళ్లకు, అందులోనూ జమ్మలమడుగు చుట్టుపక్కల కాపురాలు చేసినవాళ్లకు, విడమరిచి చెప్పనక్కరలేదు; ఆ రోజుల్లో మనం పట్నం పోవాలంటే చూసుకునేది చౌకా సౌకర్యమూ కాదు, పగబట్టిన అవతలి పార్టీవాళ్లు ఎక్కడ దిగుతారోనని. మావాళ్లు కాచిగూడ లాడ్జీల్లో, వాళ్లు లక్డీకాపూల్ వైపు. మా ఆయన అన్న, అంటే మా బావ, ఊళ్లో పార్టీ నడిపే మనిషి. అత్తకు కంటి ఆపరేషన్ అనుకున్నప్పుడు, మావాళ్లు దిగేచోట కూడా వాళ్ల మనుషులు కాపు కాస్తారని ఆ రెండు పేటలూ వద్దన్నాడు. చివరికి ప్రొద్దుటూరులో మా బట్టలు కుట్టే సాయిబు, పాతబస్తీలో తన చెల్లెలి మిద్దెపైన గది ఇప్పిస్తే, అత్తా, మా ఆయనా, నేనూ అక్కడ పదిరోజులున్నాం.

పక్క గదిలో ఇంకో జంట ఉండేది. కొళాయి దగ్గర ఆ ఇల్లాలు "శానా సన్నగా వస్తాండాయి నీళ్లు" అన్నప్పుడే, మన సీమ మనిషేనని నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమెకు గుండెజబ్బు, నెలనెలా వచ్చి డాక్టరుకు చూపించుకోవాలి. ఆమె భర్త ఎవరో మూడోరోజు మా ఆయన పోల్చుకున్నాడు: అవతలి పార్టీలో మా బావకు సరిజోడు. మెట్లమీద ఇద్దరూ ఎదురుపడ్డారు. ఆమె భర్తే, "ఆడోళ్ల రోగాలకు వచ్చినాం అప్పా, ఈడ మనకేం వద్దు" అని పక్కకు జరిగి దారిచ్చాడు. కంటికట్టుతో మెట్లు దిగలేక అవస్థపడుతున్న మా అత్తను చెయ్యిపట్టి ఆటోదాకా నడిపించిందీ ఆయనే.

ఇల్లు చేరాక మా ఆయన ఆ సంగతే ఎత్తలేదు, నన్ను ఎత్తవద్దని చెప్పనూ లేదు. నేనే ఒకరోజు బావకు అన్నం వడ్డిస్తూ, పగవాడిలోనూ మంచి ఉంటుందని చెప్పాలనే ఉబలాటంలో అంతా చెప్పేశాను, నెలనెలా వస్తారన్న మాటతో సహా. బావ తల ఎత్తకుండా ముద్ద కలుపుకుంటూనే, "ఏ సందమ్మా అది?" అన్నాడు.

చెప్పాను. గుర్తులతో సహా చెప్పాను.

రెండు నెలలకు ఆ పక్కగది ఆయన్ను ఆ సందు మొదట్లోనే నరికారు. చేతిలో భార్య మందుల సంచి ఉందట. కబురు విన్నప్పుడు మా ఆయన నావైపు ఒక్కసారి చూశాడు. ఆ తర్వాత ఆయన పోయేదాకా ముప్పై ఏళ్లు కలిసి బతికినా ఆ మాట మా మధ్యకు రాలేదు. ఆమె చాపాడు దగ్గర పుట్టింటికి చేరిందనీ, మందులు మానేసిందనీ ఎవరో అన్నారు. ఆపైన అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పుడు బావా లేడు. ఆయన కొడుకూ, చనిపోయినాయన కొడుకూ ఒకే రాజకీయ పార్టీలో ఉన్నారు, పులివెందుల రోడ్డు పక్కన ఒకే ఫ్లెక్సీలో నవ్వుతూ కనిపిస్తారు. మంచిదే, పగలు చల్లారాలనే కదా మనమంతా మొక్కుకున్నది. ఆమధ్య ఒక పెళ్లిలో ఆ చనిపోయినాయన కొడుకు నా కాళ్లకు దండం పెట్టి, "బాగుండావా పెద్దమ్మా?" అన్నాడు. నిలబడే తీరు అచ్చం తండ్రిదే. నిజం నోటిదాకా వచ్చింది, బాగున్నానన్నాను. కాలం వాళ్లందరినీ కూర్చోబెట్టి రాజీ చేసింది. నన్ను ఎవరి ఎదుట కూర్చోబెడుతుంది?