ఎడమచేతి బేస్ గిటార్

ఆ వీధిలో సైన్‌బోర్డులు రాసే ఆవిడను అందరూ పెయింటరమ్మ అనేవారు. పుట్టుకతోనే ఎడమచేతి వాటం. తడి రంగు మీద చెయ్యి ఆనకూడదని, ఏ దుకాణం పేరైనా చివరి అక్షరంతో మొదలుపెట్టి వెనక్కి రాసుకొచ్చేది. కింద నిలబడి చూసేవాళ్లకు పేరు పూర్తయ్యేదాకా తలా తోకా తెలిసేది కాదు.

సెలవు రోజుల్లో ఆవిడ బేస్ గిటార్ వాయించేది. మరిది డ్రమ్స్, రిటైరైన టైపు మాస్టారు కీబోర్డు. ముగ్గురిదీ ఓ చిన్న బ్యాండు. బేస్ మాస్టారిది, కుడిచేతివాళ్ల కోసం చేసింది. పరాయి వస్తువుకు తీగలు మార్చడానికి మనసొప్పక, ఏళ్ల తరబడి దాన్ని తిరగేసి పట్టుకునే వాయించింది. పైన ఉండాల్సిన లావు తీగ కిందికి పోయేది. కింద ఉండాల్సిన, శబ్దం పెంచే తగ్గించే మీటలు పైకొచ్చి మోచేతికి తగిలి తిరిగిపోయేవి. పాట మంచి పట్టులో ఉండగా ఆవిడ శబ్దం సన్నగిల్లిపోయేది.

"మా వదిన పాట మధ్యలో ఊరెళ్లొస్తుందండీ," అని మరిది అందరినీ నవ్వించేవాడు. ఆవిడా నవ్వేది. ఇంటికెళ్లాక కమిలిన మోచేతి మీద తడిగుడ్డ వేసుకునేది.

ఒకసారి పాత వాయిద్యాలు అమ్మే దుకాణానికి బోర్డు రాస్తూ, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లింది. వెనకగది గోడకు ఓ బేస్ గిటార్ వేలాడుతోంది. ముదురు తేనెరంగు, అంచుల్లో నల్లబడింది. ఆవిడ పుట్టకముందు చేసినది.

"దాని జోలికెళ్లకండమ్మా. అచ్చిరాని సరుకు," అన్నాడు దుకాణం పెద్దాయన. "ఎడమచేతివాళ్లది. ఎవరు పట్టుకున్నా ఇదేంటి ఇలా ఉందని మళ్లీ మేకుకే తగిలించి పోతారు."

ఆవిడ గుడ్డకు చేతులు తుడుచుకుని దాన్ని దించింది. పై అంచున ఒకచోట రంగు అరిగి చెక్క బయటపడింది. ఎవరో ఎన్నేళ్లో మోచెయ్యి ఆనించిన చోటది. ఆవిడ మోచెయ్యి కూడా వెతుక్కోకుండా అక్కడికే వెళ్లి కుదురుకుంది.

బోర్డు కూలి దాని ధరలో సర్దుకోమంది. మిగతాది, కొత్త నిచ్చెన కోసం దాచుకున్న డబ్బుతో ఇచ్చేసింది.

"నిచ్చెన కొంటానని గిటార్ పట్టుకొచ్చావా?" అన్నాడు భర్త. "ఇక దీన్నెక్కి రాస్తావా బోర్డులు?"

"ఎక్కడికైనా ఎక్కిస్తుందిలెండి," అందామె.

అయితే తీరా వాయించబోతే అసలు చిక్కు బయటపడింది. తిరగేసిన తీగలకు అలవాటుపడ్డ వేళ్లు లావు తీగ కోసం కిందికే పోతున్నాయి. ఇప్పుడది పైనుంది. వచ్చిన పాటలన్నీ రానివైపోయాయి.

"వదినా, ఏ పాట వాయిస్తున్నావో చెబితే నేనూ అదే వాయిస్తాను," అన్నాడు మరిది.

మాస్టారు మెల్లగా చెప్పాడు. "పాల కేంద్రం వాళ్ల వార్షికోత్సవం దగ్గరపడిందమ్మా. ఈ ఒక్కసారికీ పాతదే పట్టుకో. ఇది తర్వాత తీరిగ్గా నేర్చుకుందువు గాని."

"పాతది పట్టుకుంటే వేళ్లు మళ్లీ పాతదారే పడతాయి మాస్టారూ. నేను దీంతోనే వస్తాను. పాట ఆగిపోతే నా వల్లేనని మైకులో చెప్పేయండి."

అన్నదే గాని, ఆ పూట ఆవిడకు అన్నం సయించలేదు. మర్నాటి నుంచి రోజూ ఇల్లు లేవకముందే వంటగది గట్టు మీద కూర్చుని, పసిపిల్లకు నడక నేర్పినట్టు ఒక్కో స్వరం దగ్గరికీ వేళ్లను నడిపించింది. విసుగొచ్చి రెండుసార్లు దాన్ని మంచం కిందికి తోసేసింది. రెండుసార్లూ తనే వంగి తీసుకుంది. చివరికి ఓ పొద్దున రంగు కలుపుతూ ఏదో కూనిరాగం తీస్తుంటే, డబ్బా అంచు మీద వేళ్లు వాటంతటవే కొత్తదారిన నడిచాయి.

పాల కేంద్రం షెడ్డు రేకులది. గోడ పొడుగునా ఖాళీ క్యాన్లు. మొదటి పాట ఆచితూచి వాయించింది. రెండోదానికి ఒళ్లు తేలికపడింది. మూడోదానిలో లావు తీగను గట్టిగా మీటేసరికి రేకులు జుమ్మన్నాయి, గోడవారన క్యాన్లు వంత పాడాయి. ముందు వరుసలో కాళ్లు కదిలాయి. మోచెయ్యి ఆనిన చోటే ఉంది, శబ్దం ఎక్కడా సన్నగిల్లలేదు.

మాస్టారు మరిది వైపు చూసి, కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. కానివ్వమన్నట్టు ఆవిడకు తలూపాడు. మరిది దరువు తగ్గించాడు. ఇన్నేళ్లూ మనసులో అనుకుని చేత కాక వదిలేసినవన్నీ ఆవిడ ఒక్కొక్కటిగా బయటికి తీసింది. షెడ్డంతా ఈలలు. జనం మధ్యలో భర్త కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. వెనకాయన కూర్చోమంటే, "మా ఆవిడండీ," అన్నాడు, అదే సమాధానమన్నట్టు.

పాట అయ్యాక కేంద్రం మేనేజరు వేదిక దగ్గరికొచ్చాడు. "ఇంకా వాయించండమ్మా. క్యాన్ల లారీ వచ్చేదాకా ఈ షెడ్డంతా మీదే."

లారీ వచ్చింది. డ్రైవరు హారన్ కొట్టబోయి ఆగాడు. ఇంజను ఆపేసి దిగొచ్చి, ఓ క్యాను బోర్లించుకుని కూర్చున్నాడు.