షేర్లలో నాన్న వంతు

మొన్న ఆదివారం సాల్ట్ లేక్‌లో మా అపార్ట్‌మెంటు హాల్లో పెద్దవాళ్ళకి పెట్టుబడుల మీద పాఠం చెప్తారంటే వెళ్ళాను. టై కట్టుకొచ్చిన బెంగాలీ కుర్రాడు షేరంటే ఏమిటో, బాండంటే ఏమిటో, మ్యూచువల్ ఫండంటే ఏమిటో చక్కగానే చెప్పాడు, కాదనను. కానీ చివర్లో, మీ తరంవాళ్ళు డబ్బు పోగొట్టుకున్నదంతా అత్యాశవల్లే దాదూ, అంటే తాతగారూ, అని నవ్వాడు చూడండీ, నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అత్యాశట! మా నాన్నని చూసుంటే వాడా మాట అనేవాడా?

రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. హౌరా పక్కన లిలువాలో మా తెలుగువాళ్ళంతా నెలనెలా చీటీ కట్టుకునేవారు. పోగైన సొమ్ముకి పాట పెట్టకుండా, ఎవరింట్లో పెళ్ళో, పురుడో, ఆపరేషనో ఉంటే ముందు వాళ్ళకిచ్చేసి, తక్కినవాళ్ళు తమ వంతు వచ్చేదాకా ఆగేవారు. వర్క్‌షాపులో ఫిట్టరైన నాన్నకి డబ్బు దాచుకోవడమంటే అదొక్కటే తెలుసు. అలాంటి మనిషి చేత అమ్మకి వరసకి తమ్ముడయ్యే మామయ్య ఒకడు హౌరాలో ఓ కంపెనీ షేర్లు కొనిపించాడు. ఒక్క నాన్న చేతేనా, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద నిలబడి సగం క్వార్టర్స్ చేత కొనిపించి కమీషన్ తిన్నాడు. షేరంటే కంపెనీలో వాటా అని, ధర పెరుగుతుందీ తరుగుతుందీ అని, అక్కరపడిన రోజున అమ్ముకోవచ్చని, ఆ నోటితో ఒక్కడికీ చెప్పలేదు. నాన్నేమో అదీ ఓ పెద్ద చీటీయే అనుకున్నాడు.

అక్కకి నర్సు ట్రైనింగులో సీటొచ్చింది, ఫీజు కట్టాలి. తన వంతు వచ్చిందా అని నాన్న వెళ్ళి మామయ్యని అడిగితే, ఇంకా రాలేదు బావా అన్నాడట ఆ మహానుభావుడు. అప్పటికి షేరు మంచి ధరలో ఉంది. ఈయన అమ్మితే చూసి అందరూ అమ్మేస్తారు, తన బేరం పడిపోతుందని వాడి భయం. నాన్న మాత్రం, మనకంటే ముందు ఎవరికో పెద్ద కష్టమే వచ్చుంటుందిలే అని ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నాడు. సీటు పోయింది. అక్క కుట్టుమిషను ముందు కూర్చుంది.

నాకు హౌరా వంతెన అవతల డల్హౌసీలో గుమస్తా ఉద్యోగం వచ్చాక, పక్క సీటు బెంగాలీ దాదా దసరా పూజలకి ముందు షేర్లు అమ్మి పెళ్ళానికి గొలుసు కొన్నానంటే, షేర్లకి వంతంటూ ఉండదని అప్పుడు తెలిసింది నాకు. ఆ సాయంత్రమే నాన్నని వెంటబెట్టుకుని మామయ్య ఇంటికెళ్ళాను. అప్పటికే కంపెనీ మూతపడి షేర్లు చిత్తుకాగితాలయ్యాయి. వాడు తాపీగా టీ తాగుతూ, "అమ్మమంటే అమ్మేవాణ్ని కదా బావా! నువ్వు వంతడిగావు, రాలేదన్నాను. ఇందులో నా తప్పేటుంది?" అన్నాడు. వాడి నోట మన్ను పడ! గ్లాసు లాక్కుని వాడి మొహాన కొట్టబోతే నాన్నే నా చెయ్యి పట్టుకున్నాడు.

ఇదంతా చెప్తే అక్క నమ్మలేదు. షేర్లకి వంతు చూసేవాడు లోకంలో ఎవడైనా ఉంటాడేటిరా, నాన్న నీ చదువుకి దాచుకుని నాకు లేదన్నాడు, అది చెప్పు, అంది. ఈ రోజుకీ అదే మాట. తిట్టాల్సినవాణ్ని వదిలేసి ఆ అమాయకుడి మీద కోపం పెట్టుకుంది చూడండి!

ఇప్పుడు నా మనవరాలు ఆఫీసుకెళ్తూ సెక్టర్ ఫైవ్ బస్సులో కూర్చుని ఫోన్లో షేరు కొని, దిగేలోగా అమ్మేస్తుంది. అన్నీ తెలుసుకుంది, సంతోషమే. తనకంటే ముందు ఇంకెవరికైనా అవసరముందేమో అని ఆగే మనుషులు మాత్రం నాన్న తరంతోనే పోయారు. ఏటా సమాధుల పండగకి అక్కా నేనూ కలిసే వెళ్తాం. అక్క అమ్మ సమాధి కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగిస్తుంది. పక్కనే ఉన్న నాన్న దగ్గర నేనొక్కణ్నే వంగుతాను. అప్పటికే అక్క గేటు దాకా వెళ్ళిపోయి, పొద్దుపోతోంది రారా అని పిలుస్తుంది.