పని లేని గుర్రం

పెద్దత్త పోయింది. మొన్న గుడివాడలో అందరికీ అన్నాలు పెట్టి, తనూ తిని, "కాసేపు నడుం వాలుస్తాను, లేపకండి" అని చాప పరుచుకుందట. ఎవరూ లేపలేదు. సాయంత్రం కాఫీల వేళకి తెలిసింది.

ఈ సంగతి ఇక్కడే అమెరికాలో, ట్రాయ్ నుంచి మా అక్క ఫోన్ చేసి చెప్పింది. నేను బాతెల్‌లో, ఆఫీసులో, పొద్దున్నే రెండో మీటింగ్‌లో ఉన్నాను. కారిడార్‌లోకి వచ్చి గోడకి ఆనుకుని విన్నాను. అక్క ఏడ్చి, ముక్కు చీదుకుని, చివరికి అంది: "అయినా పెద్దత్త పగలు పడుకోవడమేమిట్రా?"

నాకూ అదే అనిపించింది. పోయిందంటే ఎలాగో నమ్మగలను గానీ, పట్టపగలు పడుకుందంటే నమ్మడం కష్టం. ఆవిడ పగలు పడుకోవడం నేను ఒక్కసారే చూశాను. దానికోసం ఒక ఇంటికి చక్రాలు తగిలించి రెండు రాష్ట్రాలు దాటించాల్సి వచ్చింది.

ఆవిడ గురించి రాయడానికి నాకున్న అర్హత కూడా పాఠకులకు మనవి చేసుకోవాలి. ట్రాయ్‌లో ఆవిడ పోపు పెట్టినప్పుడల్లా స్మోక్ అలారం కింద నిలబడి తువ్వాలు ఊపిన అధికారిక మేనల్లుణ్ణి నేనే. అప్పట్లో దగ్గర్లోనే మాస్టర్స్ చదువుతుండేవాణ్ణి. శుక్రవారం రాగానే విద్యార్జన ఆపి అక్కావాళ్ళింటికి భోజనార్జనకి వెళ్ళేవాణ్ణి.

పెద్దత్త మా నాన్నకి అక్క. మా ఇంటి ఆడపిల్లల పురుళ్ళన్నీ ఆవిడ చేతి మీదుగానే జరగాలి. ఒకరి అమ్మకి వీసా రాలేదన్నా, ఇంకొకరి అత్తగారికి మోకాళ్ళ నొప్పులన్నా, టికెట్ మాత్రం పెద్దత్తకి బుక్ అయ్యేది. సూట్‌కేస్ నిండా వాము, శొంఠి, పసివాళ్ళ పక్కలకి మెత్తటి పాత చీరలు. అలా మొదట సన్నీవేల్, తర్వాత బాతెల్, చివరికి మా అక్క కోసం ట్రాయ్. అమెరికా ఎలా ఉందత్తా అని అడిగితే కాసేపు నిజాయితీగా ఆలోచించేది.

"సన్నీవేల్ బావుంటుందిరా, గ్యాస్ పొయ్యి. బాతెల్‌లో కరెంటు పొయ్యి, ఆపినా ఆరదు, పాలు పొంగిపోతాయి. ట్రాయ్‌లో సింకు లోతెక్కువ, నడుం పట్టేస్తుంది."

దేశం మొత్తం మీద ఆవిడ అభిప్రాయం ఇదే.

ట్రాయ్‌లో మంచు కరిగి, పెద్దత్త తిరుగు ప్రయాణం దగ్గరపడింది. మా బావ, అంటే అక్క మొగుడు, కార్ల తలుపులకి వేసే రబ్బరు మీద జీవితాన్ని అంకితం చేసిన ఇంజనీరు. వరసకి ఆవిడ ఆయనకి పెద్దమ్మ. ఒక ఆదివారం గొంతు సవరించుకుని అడిగాడు.

"పెద్దమ్మగారూ, వెళ్ళేలోపు ఏం చూస్తారో చెప్పండి. నయాగరా?"

"నీళ్ళేగా అబ్బాయ్."

"పోనీ న్యూయార్క్?"

"జనమేగా."

మాకు ఇంకేం తోచలేదు. ఆవిడే చంటిదాన్ని కాళ్ళ మీద వేసుకుని ఊపుతూ, కాస్త సిగ్గుపడుతూ అడిగింది. "ఇక్కడ గుర్రాలుంటాయా?"

చిన్నప్పుడు జట్కాలో బడికి వెళ్ళేదట. ఎక్కేముందు రోజూ ఆ గుర్రం మెడ మీద చెయ్యి వేసేదట. కళ్ళకి గంతలు, మెడ మీద కాడి ఒరిసిన పుండు. "ఎప్పుడు చూసినా పని మీదే ఉండేదిరా. పని లేనప్పుడు గుర్రం ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలని ఉంది."

అయితే కెంటకీ వెళ్ళాల్సిందే అన్నాడు బావ. చంటిపిల్ల, డైపర్లు, పైగా పెద్దత్త హోటల్లో తినదు. కాబట్టి ఆర్‌వీ, అంటే చక్రాల మీద నడిచే ఇల్లు, అద్దెకి తీసుకుందామన్నాడు. తీసుకొచ్చి అపార్ట్‌మెంట్ ముందు నిలబెట్టి, పెళ్ళికూతుర్ని చూపిస్తున్నట్టు తలుపు తీశాడు. "చూశారా పెద్దమ్మగారూ, లోపల కిచెన్ కూడా ఉంది!"

పెద్దత్త తొంగి చూసింది. రెండు బర్నర్లు, ఒక సింకు. నిట్టూర్చి, కొంగు నడుముకి దోపుకుని ఎక్కింది.

ఒక మనిషిని వంటింట్లోంచి బయటికి తీసుకురావడానికి వంటింటినే బండికట్టి వెంట తెచ్చిన ఘనత చరిత్రలో మా కుటుంబానిదే అయ్యుంటుంది. నాకు గానీ, ఇంజనీర్లైన అక్కాబావలకి గానీ ఇందులో ఏదో తేడా ఉందని ఒహాయో దాటేదాకా తట్టలేదు.

దారి పొడుగునా పెద్దత్త బెల్ట్ పెట్టుకుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీసింది. బ్రేక్ వేసినప్పుడల్లా గిన్నెలు మా మీదకి దండెత్తేవి. "మెల్లగా అబ్బాయ్, పెరుగు తోడేశాను" అంటే, హైవే మీద బావ పెరుగు కోసం నెమ్మదించాడు. వెనక ట్రక్కులవాళ్ళు హారన్లు కొట్టారు. వాళ్ళకేం తెలుసు.

కెంటకీలో నల్లటి చెక్క కంచెలు మొదలయ్యాయి. అక్క కిటికీ దగ్గర ఎగిరింది. "పెద్దత్తా, గుర్రాలు! చూడు చూడు!"

"ఆఁ, ఇదిగో." కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, కళ్ళజోడు సర్దుకుని ఇటు తిరిగేసరికి గుర్రాలు వెనక్కి పోయాయి. పెట్రోల్ బంకు కనిపించింది. మళ్ళీ గుర్రాలు, మళ్ళీ "ఇదిగో", ఈసారి చర్చి. రేపు గుర్రాల ఫార్మ్‌లో టూర్ ఉందిగా, ఇప్పుడు చూడకపోతేనేం, ఎక్కడికి పోతాయిలే అని మేమే సర్దిచెప్పుకున్నాం. రెండో రోజుకల్లా బండి తిరిగివ్వాలి, ఆ వారంలోనే ఆవిడ విమానం.

సాయంత్రానికి లెక్సింగ్టన్ దగ్గర ఆర్‌వీ పార్కులో ఆగేసరికి అందరికీ ప్రాణాలు సోలిపోయాయి. బావ గ్లౌజులు తొడుక్కుని మురుగు పైపుతో కుస్తీ పడుతున్నాడు. పెద్దత్త బాలింతకి చారు పెడుతోంది.

"అలసిపోలేదా అత్తా?"

"కూర్చుంటేగా తెలిసేది," అంది గరిటె తిప్పుతూ.

ఆ మాట ఆవిడ చాలాసార్లు అనగా విన్నాను. ఇప్పుడు, మీటింగ్‌కీ మీటింగ్‌కీ మధ్య, దాని అర్థం నాకు కొంచెం కొంచెంగా ఎక్కుతోంది.

మర్నాడు పొద్దున్నే ఉప్మాకి పోపు పెట్టింది. ఆ ఇరుకులో ఎండుమిరపకాయ వేగగానే అలారం అందుకుంది. నేను తువ్వాలు పట్టుకుని విధుల్లో చేరాను. అది ఆగలేదు. బావ కుర్చీ ఎక్కి దాని బ్యాటరీ కోసం వెతుకుతున్నాడు. చంటిది ఏడుపు లంకించుకుంది. పక్క బండిలోంచి టోపీ పెట్టుకున్న ముసలాయన కాఫీ కప్పుతో వచ్చి "ఎవ్రీథింగ్ ఓకే?" అన్నాడు. "జస్ట్ కుకింగ్!" అని అరిచాడు బావ. ఆయన సానుభూతిగా తుమ్మాడు.

అక్క పెద్దత్త చేతిలో గరిటె లాక్కుని, పిల్లని ఆవిడ చంకకెక్కించి, "నువ్వు ముందు బయటికి వెళ్ళత్తా!" అని నెట్టేసింది.

కాసేపటికి బయటినుంచి కేక. "ఒరేయ్, ఇలా రా! గుర్రం చచ్చిపోయిందిరా!"

తువ్వాలు భుజాన వేసుకుని పరిగెత్తాను. పార్కు వెనకే కంచె, అవతల పచ్చిక. ఆ పచ్చికలో ఒక గోధుమరంగు గుర్రం పక్కకి ఒరిగి, కాళ్ళు బారజాపుకుని పడి ఉంది. పెద్దత్త కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఇంత దూరం వచ్చి చూపించింది ఇదా అనుకున్నాను. మా వెనకే వచ్చిన ముసలాయన తొంగి చూసి, "షి ఈజ్ జస్ట్ స్లీపింగ్" అన్నాడు. అప్పుడే దాని చెవి కదిలింది. తోకతో ఈగని తోలుకుని మళ్ళీ నిద్రపోయింది.

"పడుకుందా?" అంది పెద్దత్త. "మా జట్కా గుర్రం నిలబడే కునుకు తీసేదిరా. గుర్రాలకి పడుకోవడం రాదనుకున్నాను."

చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. "దీన్ని ఎవరూ లేపరా?"

"ఎందుకు లేపుతారత్తా?"

"పొద్దెక్కింది కదరా."

 

ఆర్‌వీ కిటికీలోంచి అక్క తల బయటికి వచ్చింది. "పెద్దత్తా, ఉప్మాకి నీళ్ళు ఎన్ని పొయ్యాలి?"

పెద్దత్త వెనక్కి చూసింది. ఇక వెళ్ళిపోతుందనుకున్నాను. "నీ చేతికి ఎన్నొస్తే అన్ని పొయ్యవే!" అని ఇక్కణ్ణుంచే అరిచింది. పిల్లని నాకు అందించింది. నా భుజం మీది తువ్వాలు లాక్కుని కంచె పక్కన గడ్డి మీద పరిచింది.

"కాసేపు నడుం వాలుస్తాను. లేపకు."

ఉప్మా జావలా వచ్చింది. బావ అదే తిన్నాడు. టూర్ టైమ్ దాటిపోయింది. అక్క వాచీ చూసుకుంది, నా వంక చూసింది. ఎండ నెత్తి మీదకి వచ్చేదాకా, చంటిది నా చొక్కా కాలరు నమలుతుంటే, అక్కడే నిలబడ్డాను. కంచెకి అటు గుర్రం, ఇటు పెద్దత్త. అటు ఈగ వాలితే తోక కదిలేది. ఇటు ఈగ వాలితే, కళ్ళు తెరవకుండానే, కొంగు కదిలేది.