పరీక్ష గదిలో మా అత్త సాక్ష్యం

మా మేనత్త పోయిన సోమవారం కన్నుమూసింది. వీరపునాయునిపల్లె పక్కన మా ఊళ్లో జీవితమంతా గొర్రెలు మేపి, నడివయసులో బి.ఎ. పాసై, ఎవరినీ క్షమించకుండా ప్రశాంతంగా వెళ్లిపోయింది. ఆమె ఆత్మశాంతికి పాఠకులు శ్రమపడనక్కరలేదు. బతికుండగానే ఆ ఏర్పాట్లు ఆమే చూసుకుంది.

ఎన్నికల గొడవల్లో మా మామను చంపారు. కళ్లారా చూసింది అత్త ఒక్కతే. చంపించిన నాయకుడి తరఫున పెద్దమనుషులు రాజీ కాగితం తెచ్చారు. మా వైపు రాజీ కాగితంలో ఏముందని అడగరు. అడిగితే పెద్దమనుషులకు అవమానం. అత్త వేలిముద్ర వేసింది. "చంపినవాళ్లను నేను చూడలేదు" అని అందులో ఉందని, కోర్టు కేసు కొట్టేసిన రోజు తెలిసింది.

ఆ సాయంత్రమే నా దగ్గరికి వచ్చింది.

"రేయ్ అల్లుడా, నాకు అక్షరాలు నేర్పు."

"ఇప్పుడేందికత్తా?"

"నా నోట్లో వాళ్ల మాట పెట్టినారు. నా మాట నేనే రాసుకోవల్ల."

గోడల మీది పార్టీ రాతలే ఆమెకు వాచకం. మొదట కూడబలుక్కుని చదివింది ఆ నాయకుడి పేరే. చదివి, ఉమ్మింది. గురువుగా నేను పూర్తి మార్కులు వేశాను.

కాలేజీలో చేరే స్తోమత నాకూ లేదు. ప్రొద్దుటూరు దూరవిద్య కేంద్రంలో ఆదివారం తరగతులు జరిగేవి. బడి మొహం చూడనివాళ్లు కూడా ప్రవేశ పరీక్ష రాసి చేరవచ్చు. రెండు పొట్టేళ్లను అమ్మి ఇద్దరం చేరాం. వారమంతా గొర్రెలు, ఆదివారం రాజనీతి శాస్త్రం. తరగతిలో కునికితే తొడ గిల్లేది. "నిద్రబోతే పగ సల్లారిపోతాదిరా" అనేది.

రెండో ఏడు హాజరు పట్టీలో ఆ నాయకుడి పేరు వినిపించింది. ఎన్నికల్లో పార్టీ టికెట్ అడగడానికి పేరు పక్కన బి.ఎ. కావలసి వచ్చిందట. మనిషి ఒక్క ఆదివారమూ రాలేదు.

చివరి పరీక్ష రోజు అతని నంబరు అత్త పక్కనే పడింది. ఆ సీట్లో ఎవరో కళ్లజోడు మనిషి చకచకా రాస్తున్నాడు. హాల్ టికెట్ చూసిన సారు గోడ వైపు తిరిగాడు. అత్త లేచింది.

"సార్, ఈయప్ప ఆయప్ప కాదు."

"కూర్చోమ్మా, నీకెందుకు? బయట కారుంది, చూసినావా?"

"శానా చూసినా. ఒక కాగితమియ్యి."

వెనక సీట్లోంచి నేను కొంగు లాగాను. "అత్తా, టైము పోతాంది. తప్పుతావు."

"తప్పితే మళ్లా రాస్తా. వీడు మళ్లా దొరకడు."

ఎవరి సీటు, ఎవరు కూర్చున్నారు, ఎన్ని గంటలకు తాను చూసింది, ఒక్కో అక్షరం దిద్దుతూ రాసింది. అరగంట పట్టింది. కింద సంతకం చేసి, అందరికీ వినబడేలా చదివింది. గది మొత్తం విన్నాక సారు ఆ కాగితాన్ని పైకి పంపక తప్పలేదు. నాయకుడి పరీక్షలు రద్దయ్యాయి, టికెట్ ఇంకొకరికి పోయింది. అత్త ఆ పేపరు తప్పి, మరుసటి ఏడు రాసి పాసైంది. మామ కేసు మాత్రం కొట్టేసింది కొట్టేసినట్టే ఉండిపోయింది. సగం పగ నాకు మిగిల్చి పోయింది. నేను లా చదువుతున్నాను.

ఆ రోజు మేం బయటికి వచ్చేసరికి నాయకుడు కారులోనే ఉన్నాడు. అత్త తిన్నగా కిటికీ దగ్గరికి పోయింది.

"ఏమప్పా, పేపరు కష్టంగా వచ్చినాదా?"

నల్లద్దం మెల్లగా పైకి లేచి మూసుకుంది. అత్త కదల్లేదు. ఆ అద్దంలోనే మొహం చూసుకుంటూ, ఏమీ తొందర లేనట్టు, చెదిరిన కొప్పు విప్పి మళ్లీ ముడి వేసుకుంది.